మీసానికి మెప్పు, బట్టతలకి తిట్టు

నేను ఒక గ్రాహకాన్ని. పేరులోనే ఉంది, అందుకునేదాన్ని. మగ హార్మోను అని మీరు పిలిచే పదార్థం నెత్తురులో కొట్టుకొచ్చి కణం లోపలికి జారితే, దాన్ని పట్టుకుని, అది తెచ్చిన కబురును జన్యువులకు వినిపించే చిన్న ప్రోటీన్ని. చదువుకున్నవాళ్ళు నన్ను ఆండ్రోజెన్ గ్రాహకం అంటారు. మిగతావాళ్ళు ఏమీ అనరు, నేనున్నానని వాళ్ళకి తెలియదు కాబట్టి. తెలియకుండానే తిడతారు. అదే నా కడుపుమంట.

నా చిరునామా చెబుతాను. విశాఖపట్నంలో మోటారు సైకిళ్ళ షోరూములో పనిచేసే పైడిరాజు అనే కొత్త పెళ్ళికొడుకు నడినెత్తి. అక్కడ చర్మం కింద వెంట్రుక కుదురు ఉంటుంది. ఆ కుదురు అడుగున ఒక కణంలో నా కాపురం. నా ఆయుష్షు కొన్ని గంటలే. ఇంత చిన్న ప్రాణానికి ఇంత కథ ఎలా తెలుసని మీకు అనుమానం రావచ్చు. నేను పోతాను కానీ నా రాత పోదు. నేను విరిగేలోపు అదే రాతతో మరో నేను తయారవుతుంది, నా జ్ఞాపకాలన్నీ దానికి అప్పజెప్పి పోతాను. మీ వంశాల్లో కొడుకులు తండ్రుల మాట వింటారో లేదో గానీ మాలో ఆ బాధ లేదు.

పుట్టగానే నాకు పని అప్పగించరు. ఇద్దరు ముగ్గురు కాపలా ప్రోటీన్లు నన్ను మడిచి పట్టుకుని కణం వాకిట్లో కూర్చోబెడతారు. హార్మోను కోసం ఎదురుచూస్తాను. నెత్తి కణాల్లో ఒక ఎంజైము ఉంటుంది. టెస్టోస్టిరాన్ రాగానే పాలను కోవా చేసినట్టు అది దాన్ని ఇంకా ఘాటైనదిగా మారుస్తుంది. ఆ ఘాటైనది వచ్చి నా ఒళ్ళో కూర్చుందంటే నా వాలకమే మారిపోతుంది. ముడుచుకున్నదాన్ని విచ్చుకుంటాను. కాపలావాళ్ళని విదిలించుకుని కేంద్రకంలోకి పరిగెడతాను. అక్కడ ఒంటరిగా పని మొదలుపెట్టను. నాలాంటి మరొకరితో జంట కట్టి, పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు డీఎన్‌ఏ మీద పక్కపక్కన కూర్చుంటాం. మాకు వేళ్ళలాంటివి ఉంటాయి. జింకుతో బిగించిన ఆ వేళ్ళతో డీఎన్‌ఏ గాడిని పట్టుకుంటాం, అదీ మాకంటూ రాసిపెట్టిన అక్షరాల దగ్గరే. మేము కూర్చున్నాక చుట్టాలొస్తారు. ముడి విప్పేవాళ్ళు, నకలు తీసేవాళ్ళు, ఊరికే నిలబడి ఉత్సాహపరిచేవాళ్ళు. మేము పట్టుకున్న జన్యువుకి నకలు తయారై బయటికి వెళ్తుంది, ఆ నకలును బట్టి కొత్త ప్రోటీను పుడుతుంది. కొన్ని జన్యువుల గొంతు పెంచుతాం, కొన్నిటి గొంతు తగ్గిస్తాం. ఇంత ముచ్చటైన ఉద్యోగం ఎవరికైనా ఉందా? రోజూ పెళ్ళే!

ఇప్పుడు జరిగిన అన్యాయం వినండి.

పైడిరాజు పైపెదవి మీదా నేనే ఉన్నాను, గడ్డంలోనూ నేనే. అణువంత తేడా లేదు. అక్కడ మేము డీఎన్‌ఏ మీద కూర్చుంటే వెంట్రుకని లావెక్కమనే కబురు వెళ్తుంది. నడినెత్తిలో కూర్చుంటే సన్నబడమనే కబురు వెళ్తుంది. ఏ కణంలో ఏ జన్యువులు తెరిచి ఉంటాయో, ఏ చుట్టాలు హాజరవుతారో ఆ కణమే నిర్ణయించుకుంటుంది. నేను వెళ్ళి కూర్చుంటాను, అంతే. ఇవాళ మీ ఇంట్లో పెళ్ళి చేయించిన పంతులుగారే రేపు తద్దినం పెట్టిస్తారు. తద్దినం పెట్టించారు గనక ఆ మనిషిని పంతులుగారే చంపారని ఎవరైనా అంటారా? నన్ను మాత్రం అంటారు.

పైడిరాజుకి మీసం మొలిచినప్పుడు ఇంట్లో ఎంత సంబరం! వాళ్ళమ్మ అప్పలనరసమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. "మగోడయ్యాడే నా కొడుకు" అని వీధంతా చాటింది. ఆ మెప్పులో నాకు పిసరంతైనా వాటా రాలేదు. సరే, పోనీ అనుకున్నాను. పాతికేళ్ళు దాటి నడినెత్తి పల్చబడేసరికి మాత్రం శాపం, పాపం, నీళ్ళ దోషం, హెల్మెట్ దోషం! ఒక సెలూన్‌లో ఎవరో "మీకు మగ హార్మోను ఎక్కువండీ" అన్నారు. అది విని పైడిరాజు ఆ రోజంతా కాస్త ఛాతీ విరుచుకుని తిరిగాడు. వెర్రినాయన! అతని హార్మోను గుబురు జుట్టున్న అతని స్నేహితుల హార్మోను కంటే చెంచాడు కూడా ఎక్కువ లేదు. అతని నెత్తి కణాలకి వినికిడి ఎక్కువ. చిన్న గుసగుసని కూడా అవి పెద్ద కేకలా వింటాయి.

అన్నట్టు, మగ అనే ఆ ముద్ర కూడా నాకు నచ్చదు. ఆడవాళ్ళలో నేను లేనా? వాళ్ళ ఎముకల్లో, కండల్లో, చర్మంలో అంతటా ఉన్నాను. అప్పలనరసమ్మ గడ్డం కింద ఈమధ్య మూడు నాలుగు వెంట్రుకలు మొలిచాయి. ఆవిడ వాకిలి మూసుకుని, అద్దం ముందు కూర్చుని వాటిని పీకేస్తుంది. కొడుక్కి వస్తే దిష్టి తీసిన చెయ్యి, తనకి వస్తే పట్కారు పట్టుకుంటుంది. రెండూ నా పనే తల్లీ!

బట్టతల నేరాన్ని ఆవిడ ఎవరి మీద మోపిందో చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది. పైడిరాజు తండ్రి కూర్మారావుకి ఈ వయసులోనూ తలనిండా జుట్టుంది. కానీ ఆయన అన్నగారికి బట్టతల. ఇంకేం, ఆవిడకి ముద్దాయి దొరికాడు. "అంతా ఆల పెదనాన్న పోలికే. మా పుట్టింట్లో ఎవులికుందీ యేసం?" అని చుట్టాలందరి ముందూ దెప్పేది. కూర్మారావు చుట్ట వెలిగించుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

నన్ను తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. మగబిడ్డకి ఎక్స్ తల్లి దగ్గరనుంచే వస్తుంది. నెత్తి వ్యవహారంలో ఇంకా బోలెడు జన్యువులకు వాటాలున్నాయి, తండ్రి వైపువి కూడా. కాదనను. కానీ పెద్ద వాటా నాది, నేను వచ్చిన దారి అప్పలనరసమ్మది. ఆవిడకి నన్ను ఇచ్చింది ఆవిడ తండ్రి లచ్చన్న. చీపురుపల్లి సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చే లచ్చన్నని తలపాగా లేకుండా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. ఆ తలపాగా కింద ఏముండేదో నాకు తెలుసు, నేను అక్కడా పనిచేశాను కాబట్టి. అరవడానికి నాకు నోరు లేకపోయింది.

అప్పలనరసమ్మ నూనె కాచింది. గుంటగలగరాకు, మందార పూలు, మెంతులు. వాసన బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అది నా పనిని ఆపలేదు. సీసా మీద సీసా విశాఖకి పంపింది. పెళ్ళిసంబంధాలు ఒకటీ రెండూ తప్పిపోయాక పైడిరాజు ఒక దుకాణానికి వెళ్ళాడు. అక్కడ నడినెత్తి మీద జిగురు రాసి, సన్నని వలకి కుట్టిన జుట్టుని అతికించారు. నా ఆకాశం మూసుకుపోయింది. ఆ వల మీది వెంట్రుకలు ఎవరివో. ఏ కొండ మీద ఏ భక్తురాలు మొక్కు తీర్చుకుంటే, వేలంలో ఎవరు పాడుకుంటే ఇక్కడిదాకా వచ్చాయో. వాటితో నాకు పేచీ లేదు, అవి కుదుళ్ళు లేని అతిథులు.

ఆ జుట్టుతో పైడిరాజు ఇంటికొచ్చేసరికి అప్పలనరసమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఓలమ్మ! నా నూనే! నా నూనే పన్సేసినాది!" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ ముఖం చూసి అతను కాదనలేకపోయాడు. నూనె ఆ వీధిలో పదిళ్ళకి వెళ్ళింది. ఆవిడ సింహాచలం వైపు తిరిగి దణ్ణం పెట్టి, కొడుక్కి పెళ్ళయితే ఆ జుట్టంతా అప్పన్న స్వామికి ఇప్పిస్తానని, మొదటి వెంట్రుకలు కొత్తకోడలి కొంగులో పడాలని మొక్కేసింది. నేను చేసిన పని దేవుడి శిక్ష అట, జిగురు చేసిన పని దేవుడి వరమట. ఇంతకంటే అవమానం ఇంకేముంటుంది?

పెళ్ళిచూపులు విజయనగరంలో జరిగాయి. అమ్మాయి పేరు హైమ. జువాలజీ చదివింది. కళ్ళజోడు ఉంది. "ఒక్కసారి అద్దాలు తీసి సూపించమ్మా" అంది అప్పలనరసమ్మ. హైమ తీసి చూపించింది. ఎదురుగా పైడిరాజు, అతికించిన జుట్టుని అందంగా దువ్వుకుని, తలవంచుకుని జంతిక తింటున్నాడు.

పెళ్ళయింది. హైమకి అన్నీ సంబరమే. పొయ్యి మీద పాలు పొంగడం చూసినా, బాల్కనీలోకి ఎవరిదో గాలిపటం వచ్చి పడినా పిలిచి చూపిస్తుంది. పైడిరాజుకి కూడా ఆమె పిలుపంటే ప్రాణం. ఒక్క విషయంలోనే చిక్కు. ఆమె చెయ్యి తల వైపు వస్తే అతను పక్కకి తప్పుకుంటాడు. ఆదివారం తలంటుతానంటే తలనొప్పంటాడు. ఒళ్ళో పడుకోమంటే పనుందంటాడు. కొన్నాళ్ళకి హైమ చెయ్యి చాపడం మానేసింది. తన స్పర్శంటే అతనికి ఇష్టం లేదనుకుంది. వంటింట్లో ఒంటరిగా గిన్నెలు సర్దుతూ ముక్కు ఎగబీల్చడం నాకు వినబడేది. నెత్తి మీద వల కప్పుకున్నంత మాత్రాన వినికిడి పోదుగా. ఆ పిల్ల ఏడుపుకి కూడా నేనే కారణమని ఎవరైనా అంటే మాత్రం సహించను. అందులో తప్పు జిగురుది, నోరు విప్పని ఆ మానవుడిది.

మొక్కు తీర్చుకునే రోజు వచ్చింది. కొండ ఎక్కేముందు ఒక చిన్న హోటల్లో నలుగురూ ఇడ్లీ తిన్నారు. పైడిరాజు చేతులు కడుక్కునే చోట హైమని ఆపి "నీకో మాట చెప్పాలి" అన్నాడు. అదే సమయానికి ఒక కోతి పక్క బల్ల మీది వడ ఎత్తుకుపోయింది. హైమ చప్పట్లు కొట్టి నవ్వింది. తర్వాత "ఏదో చెప్పాలన్నారు?" అంది. "ఏం లేదు, ఎండ ఎక్కువగా ఉంది" అన్నాడు. పిరికితనానికి నా దగ్గర ఏ జన్యువూ లేదు. అది పూర్తిగా అతని సొంతం.

తలనీలాలు తీసే సావడిలో క్షురకుడి ముందు పైడిరాజు కూర్చున్నాడు. హైమ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, పసుపు రాసిన కొంగుని రెండు చేతులా పరిచి పట్టుకుంది. వెనక అత్తామామలు. క్షురకుడు తల తడిపి, చెవి పక్కన ఒక గీత గీశాడు. అక్కడిది సొంత జుట్టే, సాఫీగా జారి కొంగులో పడింది. రెండో గీతకి కత్తి ఆగిపోయింది.

"ఏటి బాబూ, కత్తి దిగట్నేదు?"

అని, వేలితో తడిమి చూసి, వంగి చెవిలో చెప్పాడు. "అర్థమైనాది. అటేపు కుళాయుంది. తువ్వాలు కప్పుకునెల్లి తీసీసి రండి. ఆనక గుండు గుండే, ఎవులికి తెలుస్తాది?"

మంచి ఉపాయం. పైడిరాజు లేవబోయాడు. లేస్తూ హైమ కొంగు చూశాడు. అతని వెంట్రుక ఒక్కటి పడినా బంగారమన్నట్టు ఆ పిల్ల కొంగు పరిచి పట్టుకుంది. అతను మళ్ళీ కూర్చున్నాడు.

"హైమా, కొంగు మూసెయ్. ఇందులో పడబోయేది నాది కాదు."

రెండు చేతులూ తలకి పెట్టి, అంచు పట్టుకుని లాగాడు. చర్రుమని జిగురు చిరిగింది. ఇన్నాళ్ళకి నా మీద వెలుగు పడింది.

"ఓలమ్మో! నా కొడుకు తల ఊడిపోనాది!" అని అప్పలనరసమ్మ పెట్టిన కేకకి సావడిలో గుండ్లు, సగం గీసిన గుండ్లు అన్నీ ఇటు తిరిగాయి.

"తల కాదమ్మా, జుట్టు. అతికించుకున్నాను."

"మరి నా నూనో?"

"నీ నూనె అడుగున పడింది."

హైమ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. "నన్ను అద్దాలు తీసి చూపించమన్నారు. తీశాను. మీరు నా ఎదురుగానే జంతికలు తింటున్నారు" అంది.

"తప్పే."

"తప్పు సంగతి ఇంటికెళ్ళాక చూద్దాం. నా చెయ్యంటే మీకు అసహ్యం అనుకున్నాను తెలుసా? మా అమ్మకి కూడా చెప్పుకోలేక చచ్చాను."

"ఊడిపోతుందేమోనని భయం."

"జుట్టా, నేనా?"

"రెండూ" అన్నాడు పైడిరాజు.

ఆ మాటకి ఆమె ఏమంటుందోనని నేను కూడా డీఎన్‌ఏ వదిలి చూస్తున్నాను. ఈలోపు అప్పలనరసమ్మకి నోరొచ్చింది. "ఇదిగో, అంతా ఈల పెదనాన్న పోలిక! నాననేదా? ఈల వంశమే అంత!" అని భర్త మీదికి తిరిగింది. కూర్మారావు అలవాటుగా చుట్ట కోసం జేబు తడుముకున్నాడు. కొండ మీద ఉన్నామని గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు.

హైమకి కోపం దించుకోవడానికి ఒక చోటు కావాలి. దొరికింది. "అత్తయ్యా, మావయ్యగారి అన్నగారి దగ్గర్నుంచి మీ అబ్బాయికి రావడం కాదు. ఈ పోలికలో పెద్ద భాగం తల్లి వైపు నుంచి వస్తుంది. మీ నాన్నగారి తల ఎలా ఉండేది?"

"మా అయ్యకేటి? ఎంత పెద్ద తలపాగా సుట్టీవోడు! సంతలో ఆ తలపాగా సూసే..."

"తలపాగా కింద?"

అప్పలనరసమ్మ గొంతు తగ్గించి, తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది.

"నున్నగుండీది. ఆదివారం ఆదివారం మా అమ్మ నూనె కాసిచ్చీది. నానే రాసీదాన్ని. ఇదే నూనె. ఎంత రాసినా ఒక్క ఎంటిక రానేదు. నా సెయ్యి పడితే ఆ తల మీద సల్లగుంటాదనీవోడు. ఎవులికీ సెప్పకే నర్సీ అనీవోడు. సెప్పకుండా సెప్పకుండా నానే మర్సిపోనాను."

"ఇన్నేళ్ళూ మా అన్నని ఉతికి ఆరేసినావు కదే!" అన్నాడు కూర్మారావు. అంత పెద్ద మాట ఆయన అనగలడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. క్షురకుడు కత్తి పక్కన పెట్టి నవ్వాడు. హైమ నవ్వకూడదనుకుని, ఓడిపోయింది.

అప్పలనరసమ్మ వంగి కొడుకు నడినెత్తి మీద చెయ్యి వేసింది. వేళ్ళు ముందు తడబడ్డాయి, తర్వాత పాత దారి గుర్తొచ్చినట్టు గుండ్రంగా తిరిగాయి. "మా అయ్య తలే" అంది. "సేమ్ మా అయ్య తలే ఒరే నాన్నా."

శిక్ష, శాపం, పాపం అనిపించుకున్న నన్ను మొదటిసారి ఒక మనిషి చుట్టరికంతో పిలిచింది. ఆవిడ మీద నాకున్న కోపం ఎక్కడికీ పోలేదు. కాకపోతే దాన్ని ఎక్కడ పెట్టానో ఆ క్షణాన గుర్తు రాలేదు.

మిగిలిన జుట్టు క్షురకుడు గీస్తుంటే అది హైమ కొంగులో పడింది. కొంచెమే, చెవుల పక్కదీ మెడ మీదదీ. అదంతా పైడిరాజుదే. ఆ వల మీది జుట్టుని ఏం చెయ్యాలని అడిగితే హైమ దాన్ని తీసుకుని తలనీలాల కుప్ప మీద పెట్టి దణ్ణం పెట్టింది. "ఎవరో తల్లి ఒకసారి దేవుడికి ఇచ్చేసిందే. మనకి అరువొచ్చింది, తిరిగిచ్చేస్తున్నాం" అంది.

గుండుకి గంధం రాయాలి. అప్పలనరసమ్మ గిన్నె అందుకోబోయి, ఆగి, కోడలికి ఇచ్చింది. హైమ గంధం అరచేతిలోకి తీసుకుంది. కానీ రాయలేదు, చెయ్యి గాల్లోనే ఉంచింది. ఇన్నాళ్ళూ అతను తప్పుకున్న సంగతి ఆ చేతికి ఇంకా గుర్తుంది. పైడిరాజు తనే తల వంచి ఆ అరచేతి కిందికి తెచ్చాడు.

"ఇక్కడి స్వామికి ఒళ్ళంతా చందనం. ఏడాదికి ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడు" అంది హైమ, మెల్లగా రాస్తూ. "మీకు ఆ వెసులుబాటు లేదు. రోజూ చూపించాలి."

"చిత్తం" అన్నాడతను, కళ్ళు మూసుకుని.

చల్లదనం చర్మం దాటి కుదురు దాకా దిగింది. నా పని మాత్రం అయిపోయింది. హార్మోను నా ఒళ్ళోంచి లేచి వెళ్ళింది, ఎవరో వచ్చి నా వీపు మీద చిన్న ప్రోటీను గుర్తు అంటించారు. ఆ గుర్తు పడ్డవాళ్ళని కణంలో ఒక పీపాలాంటి యంత్రంలో వేసి ముక్కలు చేస్తారు. ఆ ముక్కలతో మళ్ళీ ఏదో ఒకటి కడతారు. మా పాతసామాను దుకాణంలో ఏదీ వృథా పోదు.

పీపా అంచు దగ్గర నిలబడి ఇదంతా చెబుతున్నాను. నా ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం లేదు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో తల్లి మీసాన్ని మెచ్చి నెత్తిని తిడుతుంది, ఇంకో కూర్మారావు చుట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్తాడు. అది అన్యాయమే. వాకిట్లో అప్పుడే మరో నేను మడతపెట్టుకుని కూర్చుని ఉంది. నా కక్షలన్నీ దానికి అప్పజెప్పాను. వెళ్తూ వెళ్తూ ఒక్కటి చేర్చాను. మన పనివల్ల ఖాళీ అయిన చోటే ఆ అరచెయ్యి నేరుగా ఆనింది. ఆదివారం తలంటుకి మళ్ళీ వస్తుంది. మెలకువగా ఉండు.